ఓటు ఒకరిది, పట్టా ఒకరిది

దస్తావేజులో రెండు అడ్రసులుంటాయి. అమ్మేవాడిది ఒకటి, కొనేవాడిది ఒకటి. మా ప్రాంతం ఎటు పోయిందో తెలుసుకోవాలంటే ఆ రెండో అడ్రసు చూస్తే చాలు. నేను డాక్యుమెంట్ రైటర్‌ని. రంగారెడ్డి జిల్లాలో, శ్రీశైలం రోడ్డు మీద ఒక మండల కేంద్రంలో, తహసీల్దార్ ఆఫీసు పక్కన రేకుల షెడ్డు నాది. ఒక టేబులు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఇప్పుడు ఒక కంప్యూటరు, ప్రింటరు. జనం నన్ను రైటర్ సాబ్ అంటారు. అసలు పేరు చాలామందికి తెలియదు.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో కొనేవాడూ అమ్మేవాడూ ఒకే ఊరివాళ్ళు. ‘వృత్తి వ్యవసాయం, నివాసం ఫలానా గ్రామం’ అని ఒకే వాక్యం రెండుసార్లు రాసేవాణ్ణి. బిడ్డ పెళ్ళికి అన్న అమ్మితే తమ్ముడు కొనేవాడు. తర్వాత సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ అడ్రసులు రావడం మొదలైంది. టీచర్లు, కరెంటు ఆఫీసులో ఇంజనీర్లు, చిట్‌ఫండ్ వాళ్ళు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక కొండాపూర్, మణికొండ వచ్చాయి. అమెరికా అడ్రసు మాత్రం నేను ఒక్కసారి కూడా కొనేవాడి కాలమ్‌లో రాయలేదు. అమెరికా డబ్బు రాలేదని కాదు, మస్తు వచ్చింది. విదేశీ మారకం చట్టం కింద ఎన్నారైలు మన దేశంలో వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అందుకని ఖమ్మంలోనో గుంటూరులోనో ఉన్న తల్లి పేరు, అత్తగారి పేరు రాయిస్తారు. మా మండలంలో పత్తి చేలు ఉన్న డెబ్బై ఏళ్ళ అమ్మలు కొందరు ఆ చేలను ఇంతవరకు చూడలేదు.

పట్నం మనిషి పంట వేయని భూమిని ఎందుకు కొంటాడని మా ఊళ్ళో వాళ్ళు నన్ను అడుగుతుంటారు. ధర పెరుగుతుందన్న ఆశ ఒకటి, అది అందరికీ తెలిసిందే. దాని వెనకాల ఉన్న చట్టాలు మాత్రం తక్కువమందికి తెలుసు.

మొదటిది, తెలంగాణలోనూ ఆంధ్రాలోనూ రైతు కానివాడు సాగుభూమి కొనడానికి అడ్డు లేదు. మహారాష్ట్రలో అలా కుదరదు, రైతునని నిరూపించుకోవాలి. కర్ణాటకలోనూ 2020 దాకా కుదిరేది కాదు. మనకున్న హద్దు ఒక్కటే, 1973 సీలింగ్ చట్టం. నేల రకాన్ని బట్టి ఒక కుటుంబానికి తరి, అంటే మాగాణి, అయితే 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి, అంటే మెట్ట, అయితే 35 నుంచి 54 ఎకరాల దాకా. ఆ చట్టం రద్దు కాలేదు, పుస్తకంలో అలాగే ఉంది. ఖుష్కిలో 54 ఎకరాల దాకా కొనుక్కునే స్తోమత ఉన్నవాడికి బావమరదులు, మేనల్లుళ్ళు, నమ్మకమైన డ్రైవరు ఉండకుండా పోరు.

రెండోది ఆదాయపు పన్ను. పల్లెల్లోని సాగుభూమిని పన్ను చట్టం పెట్టుబడి ఆస్తిగా లెక్కపెట్టదు. 10 లక్షలకు పైబడిన జనాభా ఉన్న నగరం హద్దుకు 8 కిలోమీటర్ల అవతల, చిన్న పట్టణమైతే 2 కిలోమీటర్ల అవతల ఉన్న భూమి అమ్మితే ఎంత లాభం వచ్చినా దాని మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. అపార్ట్‌మెంటు అమ్మితే పడుతుంది, బంగారం అమ్మితే పడుతుంది, షేర్లు అమ్మితే పడుతుంది. ఇక పంట ఆదాయం మీద ఎటూ పన్ను లేదు. ఆడిటర్లు తమ క్లయింట్లను కారులో ఎక్కించుకుని మా టేబుల్ దగ్గరికి ఎందుకు తీసుకొస్తారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మూడోది నాకు అన్నిటికంటే విచిత్రంగా తోస్తుంది. నగరం అంచున ఉన్న రైతు తన పొలం అమ్మితే పన్ను కట్టాలి. కానీ ఆ డబ్బుతో రెండేళ్ళలోపు మరోచోట సాగుభూమి కొంటే ఆ మేరకు మినహాయింపు ఉంది. ఇన్నేళ్ళుగా అందరూ 54బీ అని చెప్పుకునే సెక్షన్ అది. రైతు రైతుగానే మిగలాలని పెట్టిన మంచి సెక్షనే. దాని వల్ల జరిగింది చూడండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఎకరం అమ్మినవాడు, చేతిలో కోట్లతో, గడువు దాటకముందే కొనాలన్న తొందరతో మా దగ్గరికి వచ్చాడు. ఇక్కడ ఐదెకరాలు కొన్నాడు. అతనికి అమ్మిన మావాడు కల్వకుర్తి దాటి పదెకరాలు కొన్నాడు. అక్కడ అమ్మినవాడు ఇంకా అవతలికి వెళ్ళి ఉంటాడు. నా టేబుల్ ముందు కూర్చుని, కొండాపూర్ వాళ్ళు ఊరు పాడుచేశారని తిట్టిన మనిషే ఆ తర్వాత నాగర్‌కర్నూల్ జిల్లాలో మరో ఊరికి కొండాపూర్ వాడయ్యాడు. ఈ గొలుసులో దుర్మార్గుడు ఎవరని వేలు పెట్టి చూపించమంటే నేను చూపించలేను.

అమ్మేవాళ్ళను తప్పుపట్టేవాళ్ళంటే నాకు కోపం. వెయ్యి అడుగులు బోరు దించినా దుమ్ము వచ్చిన రోజులు మా మండలం చూసింది. పత్తికి పెట్టిన అప్పు, ఆస్పత్రి బిల్లు, బిడ్డ ఇంజనీరింగ్ ఫీజు. పదేళ్ళు సాగు చేసినా చూడనంత డబ్బును ఒక్క సంతకంతో ఇస్తామంటే ఎవడైనా సంతకం పెడతాడు. ఊళ్ళో డాబాలు లేచాయంటే ఆ డబ్బుతోనే. తాగి పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు, చిట్టీలో మునిగినవాళ్ళూ ఉన్నారు. మినీ డీసీఎంలు కొని బాగుపడ్డవాళ్ళు కూడా తక్కువేం లేరు.

నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాత సంగతి. భూమి చేతులు మారాక ఊరి పెత్తనం ఏమవుతుంది?

ఐదెకరాలు, పదెకరాలు కొనేవాళ్ళతో ఊరికి పెద్ద మార్పు రాదు. వంద, రెండు వందల ఎకరాల బిట్టు కావాలనేవాళ్ళు వచ్చినప్పుడు లెక్క మారుతుంది. కంపెనీవాడు తనంతట తాను పొలాల్లో తిరగడు. ముందు ఊళ్ళో ఒక మనిషిని పట్టుకుంటాడు. ఆ మనిషికి ఎవరి మీద ఎంత అప్పుందో, ఏ అన్నదమ్ములకు పడదో, ఎవరి బిడ్డకు సంబంధం కుదిరిందో తెలిసి ఉండాలి. అలాంటివాడు ప్రతి ఊళ్ళో ఒకడుంటాడు, సర్పంచో, మాజీ సర్పంచో, ఎంపీటీసీగా ఓడిపోయినవాడో. కమీషన్ రెండు వైపులా చెరో ఒక శాతం అంటారు. పెద్ద బిట్టులో శాతం లెక్క ఉండదు, ‘ఎకరానికి ఇంత’ అని విడిగా మాట్లాడుకుంటారు. మొదట అప్పులున్నవాళ్ళ దగ్గర బయానా పెడతారు. ఐదు లక్షలు, పది లక్షలు, మూడు నెలల గడువు. అగ్రిమెంటు రాసేది నేనే.

తర్వాత రోడ్డు మొహం మీదున్న భూములు తీసుకుంటారు. అవి చేతికి రాగానే కడీలు పాతి జాలీ కొడతారు. లోపల, వెనక వైపు ఉన్న రెండెకరాలు మూడెకరాల రైతుల బండ్లబాట అక్కడితో ఆగిపోతుంది. ట్రాక్టరు పోదు, పత్తి బోరాలు నెత్తిన మోసుకు రావాలి, హార్వెస్టరు మాట మరిచిపోవాలి. రెండు సీజన్లు ఓపిక పట్టి మూడో సీజన్లో వాళ్ళూ అమ్ముతారు, ముందు వాళ్ళకంటే తక్కువ ధరకు. బిట్టు అలా పూర్తవుతుంది. ఎవరినీ బెదిరించరు, కొట్టరు. బాట మూస్తే చాలు.

బాటలు రెండు రకాలు. రెవెన్యూ నక్షాలో గీసి ఉన్నది నక్షా బాట. అది ఎవరి పట్టా కాదు, అమ్మడానికీ కొనడానికీ లేదు, మూస్తే తహసీల్దార్ తెరిపించాలి. నక్షాలో లేకుండా తాతల నాటి నుంచి ఒకరి గట్టు మీదుగా ఒకరు నడుస్తున్నది రెండో రకం. మా ఊళ్ళల్లో ఎక్కువ బాటలు ఈ రెండో రకమే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఇరవై ఏళ్ళు అడ్డు లేకుండా వాడుకుంటే దానికీ హక్కు వస్తుంది, కానీ సివిల్ కోర్టుకు పోయి నిరూపించుకోవాలి. రెండెకరాల రైతు ఇబ్రహీంపట్నం కోర్టు చుట్టూ ఎన్ని వాయిదాలకని తిరుగుతాడు? ఇదివరకు ఈ తగాదా ఊళ్ళోనే తెగేది. గట్టు యజమాని ఊళ్ళోనే ఉండేవాడు, వాడి బిడ్డ పెళ్ళికి పదిమంది రావాలి, వాడి ఇంట్లో చావుకు పాడె మోయడానికి నలుగురు కావాలి. ఆ మొహమాటం మీదే బాటలు నిలిచాయి. కొండాపూర్‌లో ఉన్నాయనకు ఆ అవసరం లేదు.

సరే, పంచాయతీ ఉంది కదా, సర్పంచి ఉన్నాడు కదా అంటారు. ఒకసారి ఇలాంటి బాట గురించే మా పక్క ఊరి సర్పంచిని నేనే అడిగాను. ఏమీ దాచుకోకుండా చెప్పాడు.

“రైటర్ సాబ్, నాకు ఓటేసినోళ్ళు సగం మంది పొద్దుగాల కూలికి పోయేదే ఆయన తోటకు. నేను ఆయన మీద తీర్మానం జేస్తె, ఆయన తోటకు తాళమేసుకుంటడు. అప్పుడు బాట పోయినోళ్ళు పది మంది నా దిక్కుంటరు, కూలి పోయినోళ్ళు యాభై మంది నా ఇంటి మీదికొస్తరు. మీరైతె ఏం జేస్తరో చెప్పుండ్రి.”

నా దగ్గర జవాబు లేదు. భూమి ఉన్నాయనకు ఆ ఊళ్ళో ఓటు లేదు, ఓటున్నవాళ్ళలో చాలామందికి భూమి లేదు. ఓటు లేనాయన మాట చెల్లేది మాత్రం అలాగే.

సర్పంచి పరిస్థితి కూడా తెలుసుకోవాలి. తెలంగాణలో గ్రామ సర్పంచికి గౌరవ వేతనం నెలకు 6,500 రూపాయలు. ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్ళో ఎన్నికల ఖర్చు లక్షన్నర దాటకూడదని నిబంధన. హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు, ఒక్క రాత్రి విందుకు అంతకంటే ఎక్కువవుతుంది. 2019 జనవరిలో గెలిచినవాళ్ళను చూడండి. అదే ఏడాది సర్కారు పల్లె ప్రగతి కార్యక్రమం మొదలైంది. వైకుంఠధామం కట్టాలి, డంపింగ్ యార్డు కట్టాలి, పల్లె ప్రకృతి వనం పెంచాలి. ముందు పని చెయ్యి, బిల్లు తర్వాత వస్తుందన్నారు. చాలామంది అప్పు తెచ్చి చేశారు. బిల్లులు రాక రోడ్డెక్కారు, కలెక్టరేట్ల ముందు కూర్చున్నారు. ఆ రోజుల్లో అప్పులిచ్చింది ఎవరు? మా ప్రాంతంలో బ్యాంకులు కావు, భూముల వ్యాపారులు. వడ్డీ అడగలేదు. తర్వాత అడగాల్సినవి వేరే ఉన్నాయి వాళ్ళకు.

పంచాయతీకి ఈ పెద్ద పట్టాదారు నుంచి రాబడి ఏమన్నా ఉందా అంటే దాదాపు లేదనే చెప్పాలి. పంచాయతీ సొంత ఆదాయంలో ముఖ్యమైనది ఇంటిపన్ను. ఆయనకు ఊళ్ళో ఇల్లు లేదు, ఫామ్‌హౌస్ ఉన్నా లెక్కల్లో అది ‘వాచ్‌మన్ షెడ్డు’. సాగుభూమికి శిస్తు ఎన్నడో పోయింది. రిజిస్ట్రేషన్ రోజున కట్టే 7.5 శాతంలో 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ స్థానిక సంస్థలకు చేరాలి, అది సకాలంలో చేరదని సర్పంచులు మొత్తుకుంటూనే ఉంటారు. నిజమైన లేఅవుట్ వేస్తే పదో వంతు స్థలం, రోడ్లు పంచాయతీకి గిఫ్ట్ డీడ్ చేయాలి. అందుకే కొందరు లేఅవుట్ అనరు, ‘ఫామ్ ప్లాట్లు’ అంటారు. యాభై ఎకరాలు కొని గుంటల్లెక్కన కోసి, మధ్యలో మొరం రోడ్డు పోసి, నాలుగు శ్రీగంధం మొక్కలు పెట్టి అమ్ముతారు. ఒక బ్రోషర్‌లో నేను కళ్ళారా చదివాను: క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్, వాటి కింద మూడో లైన్లో ‘రైతుబంధు వర్తిస్తుంది’ అని.

రైతుబంధు మాట వచ్చింది కాబట్టి దాని సంగతీ చెప్పాలి. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర మొదలైంది. సీజన్‌కు ఎకరానికి 4,000, మరుసటి ఏడు నుంచి 5,000. ఎన్ని ఎకరాలకైనా ఇచ్చారు, పరిమితి లేదు. పట్టాదారు పాస్‌బుక్ ఎవరి పేరున ఉంటే వాళ్ళ ఖాతాలో పడింది. మా దగ్గర ఒక లెక్క చెప్తాను. ఇరవై ఎకరాల ఆసామి, ఉండేది పట్నంలో. ఏడాదికి రెండు లక్షలు రైతుబంధు వచ్చేది. ఆ ఇరవై ఎకరాలూ మా ఊరి ఇద్దరు అన్నదమ్ములు కౌలుకు చేసేవాళ్ళు, ఎకరానికి పది వేల చొప్పున ఇంకో రెండు లక్షలు ఆయనకు కట్టి. విత్తనం, ఎరువు, గులాబీ పురుగు, అకాల వాన అన్నీ వాళ్ళవే. 2018 ఆగస్టు నుంచి వచ్చిన రైతుబీమా 5 లక్షలూ పట్టాదారుకే. చేలో పాము కరిచి కౌలురైతు పోతే ఆ ఇంటికి ఆ బీమా రాదు. 2025 జనవరి 26 నుంచి పేరు రైతుభరోసా అయింది, ఏడాదికి ఎకరానికి 12,000 అయింది, లేఅవుట్లు, గుట్టలు తీసేశారు, అది మంచిదే. భూమిలేని కూలీ కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా అని మరొకటి ప్రకటించారు. కౌలుదారుకు మాత్రం భరోసా రాలేదు. కౌలుదారులేమీ నలుగురైదుగురు కారు. రైతు స్వరాజ్య వేదిక 2022లో ఊళ్ళు తిరిగి లెక్కేస్తే, వాళ్ళు కలిసిన రైతుల్లో మూడో వంతుకు పైగా కౌలుదారులే తేలారు.

కౌలు కాగితం రాసుకోవచ్చు కదా అని పట్నం వాళ్ళు అమాయకంగా అడుగుతారు. 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డులివ్వాలని చట్టమే వచ్చింది. కొన్నాళ్ళు ఇచ్చారు, తెలంగాణలో తర్వాత ఆపేశారు. పట్టాదార్ల భయం నాకు తెలుసు, పాత భయమే. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్లకు భూములు దక్కిన చరిత్ర ఈ నేల మీదే ఉంది. ఆ చట్టం కింద ఇచ్చిన 38ఈ సర్టిఫికెట్ల కేసులు ఇప్పటికీ నడుస్తున్నాయి. ‘కాగితం రాసిస్తే రేపు భూమి నాదంటాడు’ అని నాతో అనని యజమాని లేడు. పాత పహాణీలో పట్టాదారు కాలమ్ పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది. మోకా మీద ఎవరున్నారో పట్వారీ, తర్వాత వీఆర్వో, ఏటా రాసేవాళ్ళు. అందులో లంచాలు నడిచాయి, తప్పుడు పేర్లు ఎక్కాయి, అబద్ధం చెప్పను. 2017 రికార్డుల ప్రక్షాళనలో, దాని మీద కట్టిన ధరణి పోర్టల్‌లో ఆ కాలమ్ లేకుండా పోయింది. 2020 సెప్టెంబర్‌లో వీఆర్వో పోస్టే పోయింది. అక్టోబర్ 29న ధరణి వచ్చింది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే పూట అయిపోయాయి, అది నిజంగా మంచి మార్పే. తహసీల్దార్ ఆఫీసులో పొద్దున పోయినవాడు మధ్యాహ్నానికి కాగితంతో బయటికొచ్చేవాడు. అయితే చేలో ఉన్నదెవరో చెప్పే చోటు సర్కారు పుస్తకంలో మిగల్లేదు.

పెద్ద బిట్టులు కొనేవాళ్ళకు ఇది ఎలా కలిసొచ్చిందో చెప్తే ఊరి రాజకీయం పూర్తిగా అర్థమవుతుంది. 1970ల్లో సీలింగ్ భయంతో దొరలు చాలా భూమిని తెల్లకాగితాల మీద పాలేర్లకు, కౌలుదార్లకు అమ్మేశారు. మేము సాదా బైనామా అంటాం. డబ్బిచ్చారు, మోకా మీదికొచ్చారు, యాభై ఏళ్ళు దున్నుకున్నారు. పట్టా మాత్రం మారలేదు. అనుభవదారు కాలమ్‌లో పేరుంది కదా అని నిశ్చింతగా ఉన్నారు. కాలమ్ పోయిన మరునాటి నుంచి కంప్యూటర్లో కనిపించేది దొర పేరో, దొర మనవడి పేరో. నూటపది మందితో బేరమాడి రెండు వందల ఎకరాలు కూడబెట్టడం కంటే, కాగితం మీద ఒకే కుటుంబం పేరున్న సర్వే నంబర్లు వెతకడం కంపెనీలకు తేలిక. బంజారాహిల్స్‌లో కూర్చున్న మనవడు సంతకం పెడతాడు. చేలో ఉన్నవాళ్ళు ‘కబ్జాదార్లు’ అవుతారు. 2020లో సాదా బైనామాలకు దరఖాస్తు పెట్టుకోమంటే 9 లక్షల దాకా వచ్చాయి, కొత్త చట్టంలో దానికి సెక్షనే లేదని హైకోర్టులో ఆగిపోయాయి. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో వచ్చిన భూభారతి ఆ దారి మళ్ళీ తెరిచింది, అప్పీలుకు అధికారులను పెట్టింది. మా ఆఫీసు ముందు చెట్టు కింద ఇప్పుడు కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది ఆ దరఖాస్తుల వాళ్ళే. వాళ్ళ చేతుల్లో మడతల దగ్గర చిరిగిన కాగితాలుంటాయి, ల్యామినేషన్ చేయించి మరీ తెస్తారు. ల్యామినేషన్ చేయించకండర్రా, ఒరిజినల్ పరిశీలించడానికి ఇబ్బంది అవుతుంది అని నేను చెప్తూనే ఉంటాను.

సర్కారు కూడా కొనేవాళ్ళలో ఒకటి, అందరికంటే పెద్దది. ఫార్మా సిటీ పేరుతో ముచ్చర్ల చుట్టూ 19 వేల ఎకరాలకు పైగా అన్నారు. యాచారం మండలంలో మేడిపల్లి, కుర్మిద్ద, నానక్‌నగర్, తాటిపర్తి రైతులు కోర్టులకెక్కారు. 2025 మార్చిలో ఏడు మండలాల్లో 56 గ్రామాలతో ఫ్యూచర్ సిటీ అథారిటీ ఏర్పడింది. ప్రతి ప్రకటనకూ కొన్ని నెలల ముందు నా టేబుల్ దగ్గర రద్దీ పెరగడం నేను గమనించాను. అందులో నాకు తెలిసిన రహస్యమేమీ లేదు, రద్దీ మాత్రం నిజం. ఇక్కడ చాలామంది మరిచిపోయిన ఒక కేసు చెప్పాలి. 2015లో 123 జీవో తెచ్చి, ఇష్టపడి అమ్మేవాళ్ళ దగ్గర సర్కారు నేరుగా కొనవచ్చన్నారు. జహీరాబాద్ నిమ్జ్ పారిశ్రామిక ప్రాంతంలో వ్యవసాయ కూలీలు హైకోర్టుకు పోయారు. భూమి లేనివాళ్ళు పోయారు, అదీ విశేషం. భూమి అమ్మినవాడికి డబ్బొస్తుంది, ఆ భూమి మీద కూలికి బతికే మాకేంటి అన్నది వాళ్ళ వాదన. 2016 ఆగస్టులో సింగిల్ జడ్జి ఆ జీవో కొట్టేశారు. అప్పీళ్ళు, తర్వాత చట్ట సవరణ, కథ మలుపులు తిరిగింది. కానీ ఆ ప్రశ్నను అంత సూటిగా అడిగినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

బయటివాళ్ళు కొనకుండా నిషేధిస్తే పోతుందని మా అబ్బాయి వాదిస్తాడు. నేను ఒప్పుకోను. కర్ణాటకలో నిషేధం ఉన్నన్నాళ్ళూ రైతు సర్టిఫికెట్లకు బజారు నడిచిందని అక్కడి రైటర్లు చెప్పేవాళ్ళు, చివరికి ఆ నిషేధమే తీసేశారు. అమ్మేవాడి చేతులు కట్టేస్తే ఆస్పత్రి బిల్లు ఎవరు కడతారు? కొననివ్వండి. కొన్నాయన మీద రెండు బాధ్యతలు పెట్టండి చాలు. పట్టా మారిన రోజునే ఆ సర్వే నంబర్ గుండా పోయే బాటలన్నీ, నక్షాలో ఉన్నవీ లేనివీ, గ్రామసభలో చదివి పంచాయతీ పుస్తకంలో ఎక్కించాలి. కౌలుకు ఎవరు చేస్తున్నారో హక్కుతో సంబంధం లేకుండా, కేవలం ఆ సీజన్ పంటకు, ఊరి రికార్డులో రాయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి పంట సాగుదారు కార్డులు ఇస్తున్నారు. దానికీ యజమాని సంతకం కావాలి, అక్కడే సగం కార్డులు ఆగిపోతాయని విన్నాను. సంతకం అక్కరలేకుండా గ్రామసభ చెప్తే చాలని పెడితే? గ్రామసభలో అందరికీ తెలుసు ఎవరు దున్నుతున్నారో.

గ్రామసభ అంటున్నాను గానీ, 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల గడువు ముగిశాక దాదాపు రెండేళ్ళు ఎన్నికలే లేవు. ప్రత్యేకాధికారులు వచ్చారు. ఒక్కో అధికారికి నాలుగైదు ఊళ్ళు, ఏ ఊళ్ళో ఏ బాట ఎటు పోతుందో ఆయనకేం తెలుసు? భూముల అమ్మకాలు మాత్రం ఒక్క రోజూ ఆగలేదు. 2025 డిసెంబర్‌లో మూడు విడతల్లో ఎన్నికలయ్యాయి. కొన్నిచోట్ల సర్పంచి పదవికి వేలంపాట జరిగిందని పేపర్లలో చదివాం. మా పక్క ఊళ్ళో అలా కాలేదు, గట్టిగా పోటీ జరిగింది. రిజర్వేషన్ కలిసొచ్చి ఒక కౌలురైతు భార్య గెలిచింది. పత్తి ఏరే మనిషి, సంతకం నెమ్మదిగా, గుండ్రంగా పెడుతుంది. గెలిచిన నెలలోపే మూసేసిన బాట మీద గ్రామసభ పెట్టి తీర్మానం చేయించింది. తహసీల్దార్‌కు అర్జీ రాయించుకోవడానికి నా దగ్గరికి వచ్చింది.

“కూలి పోతదని బెదిరిస్తలేరా అమ్మా?” అన్నాను.

“బెదిరిస్తున్రు. ఆయన తోటల ఏరేటోళ్ళం మేమేనాయె. మేము పోకపోతె పత్తి చెట్టు మీదనే నల్లబడ్తది, ఆయనొచ్చి ఏరుతడా సారూ?” అంది.

అర్జీలో సర్వే నంబర్లు, నక్షా నకలు, పాత టిప్పన్ కాపీ పెట్టి ఇచ్చాను. వారం తిరక్కుండా ఆ తోట మేనేజరు కారులో దిగాడు. తన యజమాని తరఫున అదే తహసీల్దార్‌కు అభ్యంతరం రాయాలన్నాడు. బాట నక్షాలో ఉన్న సంగతి నాకు తెలుసు, అతనికీ తెలుసు. నా పని రాయడం, రాసిచ్చాను. సర్వేయర్ ఇంకా రాలేదు. రెండు కాగితాలూ ఆఫీసులో ఒకే ఫైల్లో ఉన్నాయి, ఒకే ఫాంట్‌లో, ఒకే ప్రింటర్ మీద వచ్చినవి. ఫీజు ఇద్దరి దగ్గరా ఒకటే తీసుకున్నాను.